పంక్ బ్యాండు నుంచి ఒంటి గిటారు దాకా: నా అనుభవం

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఒక పంక్ బ్యాండులో, అంటే వేగంగా, అరుస్తూ పాడే రాక్ బృందంలో, చాలాకాలం పాడి, ఆ బ్యాండు చెదిరిపోయాక ఒంటరిగా గిటారు పట్టుకుని జానపద గీతాలు పాడుతున్న నన్ను తెలిసినవాళ్లంతా దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు: వయసు మీదపడి కోపం చల్లారిందా అని. పంక్ అంటే కుర్రతనపు కేక అనీ, ఆ కేక అలసిపోయాక మిగిలే నెమ్మదే జానపదం అనీ ఆ ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంటుంది. నా విషయంలో ఆ లెక్క కుదరలేదు. బ్యాండులో ఉన్నప్పటికంటే ఇప్పుడే నా పాట వినేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది, ఎందుకంటే ఇప్పుడు మాటలు వినిపిస్తున్నాయి. ఈ మార్పులో ఏవి వదులుకోవలసి వచ్చిందో, ఏవి చెక్కుచెదరకుండా నాతో వచ్చాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది భీమునిపట్నం దగ్గరి పల్లె. చదువు కోసం ఇంగ్లండు వచ్చి, ఆ తరువాత ఉద్యోగంలో చేరి, యార్క్‌షైర్‌లోనే ఉండిపోయాను. లీడ్స్‌కు పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో ‘వన్ ఇన్ ట్వెల్వ్ క్లబ్’ అనే సభ్యుల సంఘం ఉంది. నిరుద్యోగ భృతి తీసుకునేవారిలో పన్నెండు మందికి ఒకరు మోసగాళ్లేనని ఒక ప్రభుత్వ నివేదిక అంటే, ఆ నిందనే పేరుగా పెట్టుకుని 1981లో దాన్ని స్థాపించారు. 1988 నుంచి అది ఆల్బియన్ వీధిలోని సొంత భవనంలో, యజమాని అంటూ ఎవరూ లేకుండా నడుస్తోంది. పాడేవాళ్లు, వంట చేసేవాళ్లు, తలుపు దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు, రాత్రి నేల తుడిచేవాళ్లు అందరూ ఆ సభ్యులలోంచే వస్తారు. నేను పంక్ సంగీతాన్ని మొదట ఇష్టపడింది ఆ సంగీతం కోసం కాదనీ, పని పంచుకునే ఆ పద్ధతి నచ్చేననీ ఇప్పుడు అనిపిస్తుంది.

మా పాటలు ఇంటి అద్దెల గురించి, తాత్కాలిక కూలీలను పంపే ఏజెన్సీల గురించి, వలస కార్యాలయాల ముందు వరుసల గురించి ఉండేవి. కానీ రెండు గిటార్లు, డ్రమ్సు పూర్తి జోరులో మోగుతుండగా మైకు తల చుట్టూ గుప్పిట బిగించి అరిచే మాటలు ఎవరికి అందుతాయి? రికార్డుతో పాటు ఇచ్చే కాగితం చదువుకున్నవారికి తప్ప మిగతావారికి అవి ఒక ధ్వని మాత్రమే. ఒకసారి వీడియో చూసి మా పెద్దమ్మ ఫోనులో, “ఓలమ్మీ, గొంతు బాగున్నాది గానీ ఒక్క మాటా ఇనపడ్నేదు” అంది. బ్రిటిష్ సంగీత పత్రికలేవీ మా గురించి అంత సరైన సమీక్ష రాయలేదు.

పంక్ నుంచి జానపదానికి వచ్చే ఈ దారి ఇంగ్లండులో కొత్తదేమీ కాదు. లీడ్స్‌లోని ఆర్మ్‌లీ ప్రాంతంలో, ఖాళీగా పడి ఉన్న ఇంట్లో చేరి కలిసి బతికిన చంబావంబా బృందం 1982లో అనార్కిస్టు పంక్‌గా మొదలై, 1988లోనే 1381 నాటి రైతు తిరుగుబాటు మొదలుకొని వచ్చిన ఇంగ్లిషు ధిక్కార గీతాలను వాద్యాలు లేకుండా పాడి రికార్డు చేసింది. 1997లో ఒక పాటతో ప్రపంచమంతా మోగిన తరువాత కూడా, వాళ్లు చివరికి గిటారు, అకార్డియన్ల చెంతకే వచ్చి 2012లో ఆపేశారు. ఫ్రాంక్ టర్నర్ అయితే 2005లో తన హార్డ్‌కోర్ (మరింత కరకైన పంక్) బ్యాండు మిలియన్ డెడ్ విడిపోయిన వెంటనే ఒంటరి గిటారుతో పబ్బులు తిరగడం మొదలుపెట్టి, 2012 నాటికి వెంబ్లీ అరీనాలో పాడేంత పెద్దవాడయ్యాడు. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్ ఆరంభ వేడుకకు ముందు కూడా పాడాడు. అతనిలో కూడా ఆ పాత కేక చావలేదు. 2022లో మళ్లీ కరకుదనం నిండిన ఆల్బమ్ చేస్తే అది బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది.

నాకు వీరందరికంటే బిల్లీ బ్రాగ్ దారి ఎక్కువగా ఉపయోగపడింది. తూర్పు లండన్‌లోని బార్కింగ్‌కు చెందిన ఈ గాయకుడు 1977లో రిఫ్ రాఫ్ అనే పంక్ బృందంతో మొదలై, అది సాగక 1981లో సైన్యంలో చేరి, కొద్ది నెలలకే 175 పౌండ్లు కట్టి బయటపడ్డాడు. ఆ తరువాత ఒక్కడే ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని వీధుల్లో, చిన్న వేదికల మీద పాడాడు. 1983లో బీబీసీ రేడియోలో రికార్డులు వినిపించే జాన్ పీల్ బిర్యానీ తినాలని ఉందని అన్న మాట విని, పుట్టగొడుగుల బిర్యానీ కొనుక్కుని బీబీసీకి పరుగెత్తి తన రికార్డు చేతిలో పెట్టడం, పీల్ దాన్ని తప్పు వేగంలో వినిపించడం ఇక్కడ అందరూ చెప్పుకునే కథే. బిర్యానీతో పని జరగడం మన తెలుగువాళ్లకు ఆశ్చర్యం కలిగించదు గానీ, అతని నుంచి నేను నేర్చుకున్నది వేరు. ఒంటరిగా పాడాలంటే గిటారును నెమ్మది చేయాలన్న నియమం లేదు. మాటకు చోటు వదిలితే చాలు, గిటారు ఎంత మొరటుగా మోగినా ఫరవాలేదు.

మా బ్యాండు గొడవపడి విడిపోలేదు. డ్రమ్మరు వేరే ఊరికి మారాడు, గిటారు వాయించే ఇద్దరికీ చిన్నపిల్లలు, వ్యాను బీమా మళ్లీ కట్టవలసిన నెల వచ్చేసరికి ఎవరూ చేయి ఎత్తలేదు. అంతే. నాకు మాత్రం పాడటం మానాలని లేదు.

మొదటి సమస్య గొంతు. పంక్‌లో వినిపించే ఆ చీలిన కేక అసలు స్వరతంత్రుల నుంచే రానక్కరలేదు. వాటికి పైన ఉండే మిథ్యా స్వరతంత్రులను బిగించి, ఊపిరిని అదుపులో ఉంచి పలికిస్తే గొంతుకు పెద్దగా హాని ఉండదని నేర్పేవాళ్లు చెబుతారు. రిహార్సల్ గదుల్లో విని పట్టుకున్న నా పద్ధతిలో ఆ తేడా లేదు. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూసిన వైద్యురాలు గడ్డలేవీ లేవనీ, వాపు మాత్రం ఉందనీ చెప్పి మాటల చికిత్సకు పంపారు. అక్కడ నేర్పిన సాధన చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, అందులో స్ట్రా ముంచి, పెదవులు మూసి దాని గుండా సన్నగా రాగం తీయాలి. గొంతు సరిగా కలిస్తే బుడగలు ఒకే వరుసగా వస్తాయి. కింది స్వరం నుంచి పై స్వరానికి జారుతున్నప్పుడు, ఛాతీ నుంచి తలకు గొంతు మారే చోట ఆ వరుస ఒక్కసారిగా తెగి నీళ్లు పెదవుల మీద చిందుతాయి. నా గొంతు ఎక్కడ విరుగుతోందో ఎవరూ చెప్పనక్కరలేకుండా ఆ నీళ్లే చూపించాయి.

గట్టిగా పాడటం మానడంకంటే చిన్నగా పాడటం నేర్చుకోవడం కష్టమైంది. ఊపిరిని నెట్టి పాడటానికి అలవాటుపడ్డ గొంతు, ఆ నెట్టుడు తీసేయగానే శ్రుతి కిందికి జారిపోయేది; వాక్యం చివరి అక్షరాలు గాలిలో కలిసిపోయేవి. ఫోనులో తంబుర యాప్ పెట్టుకుని, ఒక్కొక్క స్వరాన్ని నిలబెట్టి ఉంచడం చాలాకాలం నా రోజువారీ పని అయింది. గొంతులోని జీర మాత్రం పూర్తిగా పోలేదు. దాన్ని పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించలేదు కూడా. పొలాల్లో పాడే ఆడవాళ్ల గొంతులు ఎప్పుడైనా పాలమీగడలా ఉన్నాయా?

గిటారు సంగతి దీనికి విరుద్ధం. బ్యాండులో నేను గిటారు వాయించేదాన్ని కాదు గనుక మరచిపోవలసినవి తక్కువ. మామూలు శ్రుతిలో వాయించే కార్డులు మన పాటల వరుసల కింద ఇమడవు, ప్రతి స్వరానికీ ఏదో ఒక భావాన్ని అతికించి పాటను సినిమా పాటలా మార్చేస్తాయి. 1960లలో ఇంగ్లిషు గిటారిస్టు డేవీ గ్రాహమ్ ప్రచారంలోకి తెచ్చిన ‘డాడ్‌గాడ్’ అనే శ్రుతిలో ఆరో తీగను, రెండో తీగను, మొదటి తీగను ఒక్కొక్క పూర్తి స్వరం కిందికి దించుతారు. అప్పుడు తీగలన్నీ మీటితే అది సంతోషం కాదు, విచారం కాదు, షడ్జ పంచమాలకు మధ్యమం తోడై విశాలంగా నిలిచే ఒక శ్రుతి. మొరాకో ప్రయాణంలో ఊద్ అనే అరబ్బు తీగ వాద్యం వాయించేవాళ్లతో కలిసి వాయించే అవసరం నుంచి గ్రాహమ్‌కు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. నాకు అది తంబురకు దగ్గరి చుట్టంలా అనిపించింది. కుడిచేతి బొటనవేలు మంద్రంగా మోగే లావు తీగను ఆపకుండా మీటుతూ ఉంటే, చూపుడు వేలు, మధ్య వేలు పాట వరుసను వెంబడిస్తే చాలు. అంతకు మించి అలంకారాలు పెట్టినప్పుడల్లా పాట పాడైంది.

ఇక వేదిక. ఇంగ్లండులో జానపద క్లబ్బులంటే చాలావరకు పబ్బుల మేడమీది గదులు, వారానికో పక్షానికో ఒక సాయంత్రం. బ్రాడ్‌ఫర్డ్‌లోని టాపిక్ ఫోక్ క్లబ్ 1956 నుంచి నడుస్తోంది. ఈ క్లబ్బుల్లో ముందుగా డబ్బిచ్చి పిలిపించిన అతిథి ఒకరు ఉంటారు. అతిథికి ముందు, తలుపు దగ్గర పేరు రాయించుకున్న ఎవరైనా రెండేసి పాటలు పాడవచ్చు. దాన్ని ‘ఫ్లోర్ స్పాట్’ అంటారు. విరామంలో లక్కీ డ్రా చీట్లు అమ్ముతారు, గెలిచినవారికి వైన్ సీసానో బిస్కెట్ డబ్బానో ఇస్తారు, ఆ డబ్బుతో హాలు అద్దె కడతారు. పంక్ ప్రదర్శనలకు ఎంత కరకు పేరున్నా, ఎవరి లాభం కోసమూ కాకుండా సభ్యులే నడుపుకునే ఈ పద్ధతి నాకు వన్ ఇన్ ట్వెల్వ్ క్లబ్బులో చూసినదే. అక్కడి నల్ల టీషర్టుల స్థానంలో ఇక్కడ ఉన్ని స్వెటర్లు ఉంటాయి, సగటు వయసు కాస్త ఎక్కువ.

తేడా నిశ్శబ్దంలో ఉంది. బ్యాండులో పాటకు పాటకు మధ్య తీగలు సరిచేసుకుంటుంటే ఆంప్లిఫయర్ హోరు ఆ ఖాళీని నింపేది, ఎవరో ఏదో అరిచేవారు. ఇక్కడ మైకు కూడా లేని గదిలో, నలభై మంది చేతులు ఒడిలో పెట్టుకుని నా వైపే చూస్తారు. గిటారు కీలు తిప్పిన కిర్రుమనే చప్పుడు చివరి వరుస దాకా వినిపిస్తుంది. పాటకు ముందు నాలుగు మాటలు చెప్పడం కూడా ఇక్కడి మర్యాద. ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ఏ ఊరి పాటో, కథ ఏమిటో చెప్పకుండా నేరుగా పాటలోకి దూకితే ప్రేక్షకులు ఏదో దాచినట్టు చూస్తారు. మొదట్లో నాకు ఇది చిరాకు పుట్టించింది. పాట తన సంగతి తానే చెప్పుకోవాలని కదా మేము అనుకునేవాళ్లం! అయితే మన హరికథ, బుర్రకథల్లో ఎత్తుగడ ముందు మాటలోనే సభ సగం వశమవుతుందన్న సంగతి గుర్తు తెచ్చుకున్నాక ఆ చిరాకు పోయింది.

ఏం పాడాలన్నది అన్నింటికంటే ఎక్కువ కాలం తీసుకున్న విషయం. తొలుత ఇంగ్లిషు పాటలే పాడాను. లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్‌లో ఉన్న వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం పాత సేకర్తల రాతప్రతులను అందరికీ ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచింది. స్టీవ్ రౌడ్ అనే గ్రంథాలయోద్యోగి తయారుచేసిన సూచికలో దాదాపు 25,000 పాటలకు ఒక్కొక్క సంఖ్య ఉంది, ఆ సంఖ్య పట్టుకుంటే ఒకే పాట ఏ ఊళ్లో ఎవరి నోట ఎలా మారిందో వెతుక్కోవచ్చు. ఆ వెతుకులాట నాకు చాలా ఇష్టం. కానీ ఆ పాటలు నా నోట శ్రద్ధగా అప్పజెప్పిన పాఠాల్లా ఉండేవి.

ఇక్కడి జానపద క్లబ్బుల చరిత్రలో ఒక తగవు ఉంది. 1950ల చివరలో జానపద గాయకుడు ఈవన్ మెకాల్, ఆయన సహచరులు తమ లండన్ క్లబ్బులో, గాయకులు తమ సొంత భాషకు, సొంత సంప్రదాయానికి చెందిన పాటలే పాడాలని నియమం పెట్టారు. లండన్ కుర్రాళ్లు అమెరికా దక్షిణాది యాసలో పాడటం ఆయనకు నచ్చలేదు. ఈ నియమాన్ని సంకుచితమని తిట్టినవాళ్లు చాలామంది, నేనూ దాన్ని నియమంగా ఒప్పుకోను. సాల్‌ఫర్డ్‌లో జేమ్స్ మిల్లర్‌గా పుట్టి స్కాటిష్ పేరు పెట్టుకున్న మనిషి మూలాల గురించి షరతులు పెట్టడంలో కొంత తమాషా కూడా ఉంది. అయినా నన్ను అది ఒక సూటి ప్రశ్న అడిగింది. నా మాటలు వినపడటం లేదన్న పెద్దమ్మకు అర్థమయ్యే పాట నా దగ్గర ఒక్కటైనా ఉందా?

అప్పటి నుంచి వారాంతాల్లో పెద్దమ్మకు ఫోను చేసి ఊడ్పు పాటలు, దంపుడు పాటలు పాడించుకోవడం మొదలుపెట్టాను. కూర్చుని పాడమంటే ఆమెకు చరణాలు గుర్తుకు రావు. చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ ఉంటే వాటంతట అవే వస్తాయి. అందువల్ల ఫోను పక్కన పెట్టి ఏదో ఒక పని చేయమనేదాన్ని, ఆ చెరుగుడు చప్పుడు లయతో సహా నా దగ్గర రికార్డయి ఉంది. నేదునూరి గంగాధరం గారి వంటివారు ఊరూరా తిరిగి సేకరించిన గేయాలూ, బిరుదురాజు రామరాజు గారి పరిశోధనా చదివాను. అచ్చులో మాటలు దొరుకుతాయి గానీ వరుస దొరకదు, దానికి పెద్దమ్మే దిక్కు.

ఊరు వెళ్లినప్పుడు ఒడ్డున అలివి వల లాగేవాళ్ల పిలుపులను కూడా అడిగి రికార్డు చేసుకున్నాను. వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద నుంచి రెండు జట్లు లాగుతాయి. ఒకరు మాట అందిస్తే మిగిలినవాళ్లు ‘హైలెస్సా’ అంటూ ఒక్కసారిగా వెనక్కి వాలతారు. దాన్ని పాట అంటే వాళ్లు నవ్వారు. “అది పాటేటమ్మా, లాగినప్పుడు అనుకునేది” అన్నాడు ఒక పెద్దాయన.

ఈ పిలుపుతోనే నాకు దారి దొరికింది. యార్క్‌షైర్ తీరంలోని విట్బీ పట్టణంలో ప్రతి ఆగస్టులో జానపద వారోత్సవం జరుగుతుంది, అక్కడ పబ్బుల్లో తెరచాప ఓడల నాటి నావికుల పని పాటలైన ‘షాంటీలు’ పాడుకుంటారు. వాటి నిర్మాణం మన వల పిలుపు నిర్మాణమే: ఒకరు ఒక పాదం అందిస్తారు, తాడు లాగే దెబ్బ మీద అందరూ వంత పలుకుతారు. అలాంటి ఒక సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు, వల ఎలా లాగుతారో రెండు మాటల్లో చెప్పి, హైలెస్సా ఒక్కటీ నేర్పి మొదలుపెట్టాను. మూడో పాదానికి గదంతా అందుకుంది. రెండో వంతకు ఒక బృందం కింది స్వరంలో పంచమం పట్టుకుంది, అలా పట్టుకోమని వారికి ఎవరూ చెప్పలేదు. లకారం కాస్త మందంగా పలికారు, సకారాన్ని సాగదీశారు. తాడు లాగే దెబ్బ మాత్రం ఒక్కరూ తప్పలేదు.

పంక్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైన క్షణం కూడా ఇదే. పల్లవి రాగానే ముందు వరుసవాళ్లు మైకు మీద పడి అందరూ కలిసి అరిచే ఆ మూకుమ్మడి గొంతు కోసమే నేను చరణాలు పాడేదాన్ని. బుర్రకథలో కథకుడి చేతిలో తంబుర, అందెలు ఉంటాయి, ఇరుపక్కలా డక్కీలు పట్టిన వంతలు ఉంటారు. ఒకరు హాస్యం అందుకుంటే ఇంకొకరు రాజకీయం అందుకుంటారు. గద్దర్, వంగపండు పాటల్లోనూ ఒక గొంతు అడుగుతుంటే వంద గొంతులు బదులు పలికేవి. పంక్‌ను వదిలి నేను వచ్చింది మరో ఒడ్డుకని అనుకున్నాను గానీ, చేతిలో తాడు అదే. ఒంటరి గాయని అన్న మాట ప్రకటన కాగితం మీద మాత్రమే నిజం. వంత లేని పాటను నేను ఇప్పటికీ సరిగా పాడలేను, అందువల్ల నా కార్యక్రమంలో అలాంటివి తక్కువ.

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చే మన పిల్లలు అడుగుతుంటారు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఇక్కడ వృత్తి కళాకారులుగా పనిచేయకూడదు, స్వయం ఉపాధి చేపట్టకూడదు. ఉద్యోగ వీసాలకూ వాటి ఆంక్షలు ఉన్నాయి. శాశ్వత నివాసానుమతి వచ్చాకే నేను పారితోషికం తీసుకుని పాడటం ప్రారంభించాను. స్వయం ఉపాధి కింద ఏడాదికి 1,000 పౌండ్లు దాటి వస్తే పన్నుల శాఖ వద్ద నమోదు చేసుకోవాలి. జానపద క్లబ్బు అతిథికి ఇచ్చే మొత్తం పెద్దది కాదు, కానీ పంక్ బ్యాండులో వ్యాను, డీజిలు, తిండి పోగా మిగిలేదాన్ని నలుగురం పంచుకోవడంతో పోలిస్తే, రైల్లో ఒక గిటారుతో వెళ్లి వచ్చే మనిషికి అది మెరుగు. ఉద్యోగం మాత్రం మానలేదు.

హక్కుల విషయంలో ఒక చిక్కు ఎదురైంది. వేదిక మీద పాడిన పాటలకు, హక్కుల సొమ్ము వసూలు చేసే పీఆర్ఎస్ సంస్థ ద్వారా రచయితకు కొంత సొమ్ము వస్తుంది. సంప్రదాయ గేయానికి రచయిత లేరు గనుక, దాన్ని తన పద్ధతిలో కూర్చినవారు ఆ కూర్పును తమ పేర నమోదు చేసుకోవచ్చు, ఇక్కడ చాలామంది అలాగే చేస్తారు, చట్టప్రకారం తప్పు లేదు. జానపద గేయాల పల్లవులు ఎవరి పేరూ లేకుండా సినిమాల్లోకి వెళ్లిపోవడం చూసిన నాకు అది మింగుడుపడలేదు. నా సొంత పాటలు మాత్రమే నా పేర నమోదు చేశాను. పెద్దమ్మ పాటలను సంప్రదాయ గేయాలనే రాసి, ఆమె దగ్గర నేర్చుకున్నానని ప్రతిచోటా చెబుతాను. వచ్చిన పారితోషికంలో ఆమెకు కొంత పంపితే, పాటకు డబ్బేమిటని మొదట తిట్టి, ఆ తరువాత కొత్త మిక్సీ కొనుక్కుంది.

పాత మిత్రుల్లో కొందరికి ఈ మార్పు నచ్చలేదు. ముసలివాళ్ల మధ్య కూర్చుని ముసలి పాటలు పాడుతున్నానని ఒకరు అన్నారు. బ్యాండు కాలంలో అద్దెల గురించి రాసిన పాటను ఇటీవల డాడ్‌గాడ్‌లో, సగం వేగంతో, తెలుగు వంత చేర్చి తిరిగి కట్టాను. దాన్ని ఒక క్లబ్బులో పాడినప్పుడు విరామంలో ఒక పెద్దమనిషి వచ్చి, తనకు మూడు ఇళ్లు అద్దెకు ఉన్నాయనీ, పాట అన్యాయంగా ఉందనీ వాదనకు దిగాడు. బ్యాండులో అదే పాటను ఏళ్ల తరబడి అరిచినా ఒక్క ఇంటి యజమానీ నాతో గొడవపడలేదు. అతను చివరికి నేను అమ్మకానికి పెట్టిన సీడీ కొనలేదు, లక్కీ డ్రా చీటీ మాత్రం కొన్నాడు.

ఇప్పుడు ఆ పాటనూ, పెద్దమ్మ దగ్గర నేర్చుకున్న రెండు ఊడ్పు పాటలనూ, వల పిలుపునూ కలిపి ఒక చిన్న రికార్డు తయారుచేస్తున్నాను. వంత కోసం విట్బీలో కలిసిన షాంటీ బృందంలో కొందరు, మా పాత బ్యాండులో గిటారు వాయించిన ఒకతను వస్తామన్నారు. వల పిలుపు కింద గిటారు అసలు ఉండాలా వద్దా అన్న దాని మీద మాకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. వద్దన్నది నా వాదన.